పెట్టెలో పోయిన గొంతు

"రెండో డిస్కులో చూడండి," అన్నాను.

"చూశాను."

"మళ్ళీ చూడండి."

"మూడుసార్లు చూశాను. రెండింటిలోనూ ఒకటే సరుకు ఉంటుంది. ఇందులోంచి తీసేస్తే అదే క్షణంలో అందులోంచీ పోతుంది."

"మరైతే రెండెందుకు కొన్నారు? అలంకారానికా?"

మా ఆయన చెప్పుల అలమర పక్కన నేల మీద చతికిలబడి, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఎదురుగా ఉన్న స్టోరేజీ పెట్టెకేసి చూస్తున్నాడు. ఇంటిల్లిపాది ఫైళ్ళూ దాచుకునే ఆ నల్ల పెట్టె ఏమీ ఎరగనట్టు పచ్చ దీపాలు వెలిగించుకుని కూర్చుంది. దాన్ని ఎత్తి నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

పన్నెండు వందల నలభై వాక్యాలు. రెండు నెలల కష్టం. రోజూ తెల్లారగట్ల, వీధిలో బళ్ళ రొద మొదలవకముందే, అమ్మా నేనూ డ్రైవింగ్ స్కూలు కారులో కూర్చుని, అద్దాలకి దుప్పట్లు కప్పి, చెమటలు కక్కుతూ చదివి దాచిన వాక్యాలు. ఇవాళ గురువారం. శనివారం పొద్దున ఎనిమిదింటికి అమ్మ గొంతులోంచి స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత అమ్మ ఏదైనా టైపు చేస్తే అచ్చం అమ్మ గొంతుతోనే పలికే ఏర్పాటు చేస్తామని ఆసుపత్రిలో మాట చికిత్స చేసే మేడమ్, మేం గొంతు మేడమ్ అంటాం, మాటిచ్చింది. దానికి కావలసిన ముడిసరుకు ఈ వాక్యాలే. అన్నీ అయ్యాక ఒకేసారి పంపమంది. పంపుదామని పొద్దున తెరిస్తే ఫోల్డరు ఉంది, లోపల ఏమీ లేదు.

"ఇదంతా మీ యాంటీవైరస్ నిర్వాకం. దాన్ని పెట్టమని ఎవరేడ్చారు?"

"మా ఆఫీసు పెట్టెకి వైరస్ పట్టి మూడు వారాలు పని ఆగిపోయింది. మనకి అలా కాకూడదనే కదా పెట్టాను."

"అది పెట్టిన రోజు నుంచీ పెట్టె నత్తలా నడుస్తోందని చెప్పానా లేదా? అమ్మ చదువుతుంటే మధ్యమధ్యలో రికార్డింగు ఆగిపోతోందని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"అప్పుడేమన్నారు?"

ల్యాప్‌టాప్ తెర మీదికి ఇంకా వంగాడు.

"నోరు తెరిచి చెప్పండి. ఏమన్నారు?"

"వెతుక్కోనీ, పనవగానే అదే సర్దుకుంటుందన్నాను."

"సర్దుకుంది. శుభ్రంగా సర్దేసింది."

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఇరవై అంతస్తుల ఎత్తున, చీకటి గొట్టంలో, ఇనప తాళ్ళ పక్కన నిలబడి పనిచేసే మనిషి. తిరిగే చక్రం, వెలిగే దీపం ప్రపంచంలో ఎక్కడున్నా తనకి తెలుసనుకుంటాడు. సగం నిజమే. తక్కిన సగమే మా కొంప ముంచింది. ల్యాప్‌టాప్ ముసలిదైపోయింది, ఎప్పుడు పోతుందో తెలీదు, రికార్డింగులు నేరుగా పెట్టెలోకే పంపమని సలహా ఇచ్చింది కూడా ఈ మహానుభావుడే.

"అది తినెయ్యదే," అన్నాడు నెమ్మదిగా. "మన రికార్డింగు ప్రోగ్రాము ఒక్కో వాక్యాన్నీ మూట కట్టి తాళం వేసి దాస్తుంది. ఆదివారం యాంటీవైరస్‌కి కొత్త జాబితా వచ్చింది. ఆ జాబితా ప్రకారం తాళం వేసిన మూటలన్నీ దానికి దొంగసరుకులా కనిపించాయి. కనిపిస్తే తీసి వేరేచోట పెడుతుంది, అంతే. క్వారంటైన్ అంటారు. నెల రోజులు అక్కడే ఉంటాయి. ఎవరో ఒకరు తీసెయ్యమంటే తప్ప పోవు."

"మరి అక్కడున్నాయా?"

"లేవు."

"అంటే మీరే తీసేసుంటారు. అలవాటుగా ఏదో నొక్కుతూ ఉంటారుగా."

"నేను తియ్యలేదు."

"మరి గాలికి పోయాయా?"

"ఏంటర్రా ఆ గోల?" అంటూ అమ్మ గదిలోంచి వచ్చింది.

పాతికేళ్ళు డ్రైవింగ్ నేర్పిన గొంతు అది. వీధి ఆ చివర "బ్రేక్!" అని అరిస్తే ఈ చివర సైకిలు తొక్కేవాడు కూడా ఆగేవాడు. శిష్యులు బ్రేకమ్మ అని పేరు పెడితే కోప్పడకపోగా మురిసిపోయింది. గొంతు బొంగురుపోతే అరిచి అరిచి అలా అయిందనుకుంది. మేమూ అదే అనుకున్నాం. అలా అనుకుంటూనే ఏడాది పోగొట్టుకున్నాం. ఇప్పుడా గొంతులో మాట తక్కువ, గాలి ఎక్కువ.

మా ఆయనే లేచి నిలబడ్డాడు.

"అత్తయ్యా, రికార్డింగులు కనిపించట్లేదు."

"ఎన్ని?"

"అన్నీ."

అమ్మ గోడకి చెయ్యి ఆనించింది. వంటింటి గుమ్మంలో నాన్న గ్లాసులు తుడుస్తున్నాడు. తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తున్నాడు.

"సరేలే," అంది అమ్మ ఆఖరికి. "కారు స్టార్టవకపోతే ముందు డ్రైవర్ని తిడతావటే, బానెట్ ఎత్తుతావా? అల్లుణ్ణి వదిలిపెట్టి, ఎక్కడుందో వెతకండి." తర్వాత నాన్న వైపు తిరిగింది. "ఏమండీ, మీరేమైనా చూశారా?"

"ఆ పెట్టె సంగతి నాకేం తెలుసు," అన్నాడు నాన్న గ్లాసులోకి చూస్తూ.

ఆపరేషను వాయిదా వేయించుకుందామంటే ఆ ముచ్చటా అయిపోయింది. ఈ వాక్యాలు పూర్తి చెయ్యడానికే కిందటి వారం గడువడిగి పది రోజులు వెనక్కి జరిపించుకున్నాం. "ఊపిరాడే దారి మూసుకుపోతోంది, ఇంక ఒక్క రోజు కూడా ఇవ్వను," అని డాక్టరు ఖండితంగా చెప్పేశాడు.

పెట్టెని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని మా ఆయన స్కూటరు వెనక ఎక్కాను. దారంతా ఆయన్ని తిట్టాను. హెల్మెట్‌లోంచి ఆయనకి సగమే వినిపించి ఉంటుంది.

*

డిస్కుల ఆయన కొట్టు చెప్పుల దుకాణం పైన ఒక చిన్న గది. బల్లల మీద స్పాంజి ముక్కలు పరిచి, వాటి మీద మూతలు విప్పిన డిస్కులు వరసగా పెట్టి ఉన్నాయి. దుమ్ము లేస్తుందని ఫ్యాను వెయ్యడట. మెడలో ఒక కళ్ళజోడు, ముక్కు మీద ఒక కళ్ళజోడు.

"దీన్ని ఎప్పుడు ఆపారు?"

"గంట క్రితం," అన్నాడు మా ఆయన.

"అప్పటిదాకా నడుస్తూనే ఉందా?"

"నడుస్తూనే ఉంది."

ఆయన నాలిక కరుచుకుని పెట్టెకి తన వైర్లు తగిలించాడు. తెర మీద వరసలు వరసలుగా ఏదో పరిగెట్టింది. ఒకచోట వేలు పెట్టి ఆపాడు.

"ఇదిగో. ఆదివారం యాంటీవైరస్ పన్నెండు వందల నలభై ఫైళ్ళు పక్కన పెట్టింది. సోమవారం ఉదయం ఆరూ పదికి ఎవరో 'అన్నీ తీసెయ్' నొక్కారు. ఖాయమేనా అని అడిగింది. ఖాయమే అని మళ్ళీ నొక్కారు."

"ఎవరు?" అన్నాను. మా ఆయన వైపు చూస్తూనే అన్నాను.

"మనిషి పేరు ఉండదమ్మా, ఎందులోంచి నొక్కారన్నదే ఉంటుంది. 'వంటిల్లు' అని పడింది. మీకేమైనా అర్థమవుతోందా?"

ఎందుకు అర్థం కాదు! వంటింటి గోడకి తగిలించిన ట్యాబ్లెట్టు అది. పెట్టె పంపే హెచ్చరికలు దాని మీదా పడతాయి. సోమవారం అయిదున్నరకే అమ్మా నేనూ పరీక్షల కోసం ఆసుపత్రికి వెళ్ళిపోయాం. ఆ తర్వాత మూడు రోజులూ ఆసుపత్రి చుట్టూ తిరగడమే సరిపోయి కొత్తగా ఒక్క వాక్యం కూడా చదవలేదు, పెట్టె తెరవలేదు. ఇక మా ఆయన. నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య లిఫ్టులో చిక్కుకున్న ముసలి దంపతుల్ని ఆ పొద్దున బయటికి లాగుతున్నాడు. ఆరింటికి నాకు ఫొటో కూడా పంపాడు. ఇంట్లో మిగిలింది నాన్న ఒక్కడే.

"తీసేసినవి మళ్ళీ రప్పించలేరా?" అని అడిగాడు మా ఆయన.

"సోమవారమే కరెంటు పీకి తెచ్చుంటే చాలావరకు తీసేవాణ్ణి. మీ గేటు కెమెరా వీడియోలు రాత్రింబవళ్ళు ఇందులోకే వస్తున్నాయి. పైగా ఆ యాంటీవైరస్ రోజూ పెట్టె మొత్తం గాలిస్తూ, గాలించినదల్లా రాసుకుంటూ కూర్చుంది. ఖాళీ అయిన చోటే కదా అవన్నీ రాసుకునేది." ముక్కు మీది కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రెండు వారాలు తంటాలు పడితే నూటికి అయిదో పదో దొరకచ్చు. అవీ తునకలుగా. ఆశ పెట్టుకోమని చెప్పలేనమ్మా."

అక్కడే, ఆ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. ఆయన పాపం అటు తిరిగి స్క్రూలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

మెట్లు దిగుతూ సగంలో కూలబడ్డాను. కింద దుకాణంలో ఎవరో పిల్లకి చెప్పులు తొడిగి నడిపించి చూస్తున్నారు. మా ఆయన నా పక్కన కూర్చున్నాడు.

"నేనే నొక్కానని చెప్పేద్దాం," అన్నాడు.

"ఏంటి?"

"పొద్దున్నుంచీ నువ్వు తిడుతున్నది నన్నేగా. అలాగే కానీ. ఈ సమయంలో వాళ్ళిద్దరి మధ్య ఇది పెట్టకు. పెట్టెకి యాంటీవైరస్ తగిలించింది నేనే కదా, అబద్ధం కూడా సగమే."

పొద్దున్నుంచీ అన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. గ్రీజు మరకలు పోని ఆయన చెయ్యి తీసుకుని అలాగే పట్టుకున్నాను.

అక్కణ్ణుంచే గొంతు మేడమ్‌కి ఫోను చేశాను. జరిగింది చెప్పాను. ఫోనులో పాత వీడియోలున్నాయన్నాను. వెనకాల చప్పుళ్ళుంటాయి, ఒక్కటీ పనికిరాదంది. ఆఖరికి, "రేపు మధ్యాహ్నం రెండింటికి ఆవిణ్ణి చేర్చుకుంటాం. ఆ లోపల జాబితాలోంచి నూట యాభై వాక్యాలు చదివించి తీసుకురండి. అంతకు తక్కువైతే నేనేం చెయ్యలేను," అంది.

"ఇప్పుడు గొంతంతా గరగరే మేడమ్."

"గరగర ఉన్నా ఆవిడదే కదమ్మా. అదైనా ఉండనివ్వండి."

*

ఇంటికి వచ్చేసరికి అమ్మ హాల్లో కూర్చుని ఆసుపత్రికి తీసుకెళ్ళే బట్టలు మడత పెడుతోంది. నాన్న కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నేను చెప్పులు విప్పేలోపే మా ఆయన మొదలుపెట్టాడు.

"అత్తయ్యా, నేనే తీసేశాను. చూసుకోకుండా నొక్కేశాను. ఇంక తిరిగి రావట. డిస్కుల ఆయన చూసి చెప్పాడు."

అమ్మ చేతిలో చీర అలాగే ఉండిపోయింది. ఆ ముఖంలో ఏదో కదిలి ఆగిపోయింది. నాన్న కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

"పోన్లే అబ్బాయ్," అంది అమ్మ. "కావాలని చేశావా ఏమన్నానా? నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కనివాడు ఒక్కడు లేడు. గోడలు గుద్దారు. ఒకడు పోలీసు స్టేషను గేటే గుద్దాడు. ఎవణ్ణీ మానిపించలేదు. ముఖం అలా పెట్టకు, భోజనం చెయ్యి."

నూట యాభై వాక్యాల సంగతి చెప్పాను. "నూట యాభయ్యేనా? ఒక గంట నడుం వాల్చి లేస్తాను, కానిచ్చేద్దాం," అని గదిలోకి వెళ్ళింది. తలుపు దగ్గరికి వేసిన చప్పుడయ్యాక, నాన్న నన్ను కళ్ళతోనే వంటింట్లోకి పిలిచాడు.

ట్యాబ్లెట్టు గోడ మీద లేదు. గట్టు మీద బోర్లించి ఉంది.

"ఎర్రగా రాసుందమ్మా," అన్నాడు.

నేను అడగలేదు. తనే చెప్పుకుపోయాడు.

"ఇన్‌ఫెక్టెడ్ అని. పన్నెండు వందల నలభై. పేర్లు చూద్దామంటే అన్నీ అంకెలే. కింద రెండే బొత్తాలు. ఒకటి, తిరిగి లోపల పెట్టు. రెండోది, తీసెయ్."

"ఒక్క ఫోను చెయ్యచ్చు కదా నాన్నా. ఎవరినో ఒకరిని అడగచ్చు కదా."

"అడగడానికేముంది? ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను చేస్తున్నది అదే."

నాన్న పనిచేసేది ఆసుపత్రి భూగృహంలో, ఆపరేషను పనిముట్లు ఆవిరి పెట్టి శుద్ధి చేసే గదిలో. కత్తులూ కత్తెరలూ కడిగి, ట్రేలో పేర్చి, చుట్టి పైకి పంపిస్తాడు. ఇంట్లో మా చేతులు మేం కడుక్కున్న తీరు కూడా ఆయనకి ఏనాడూ నచ్చదు.

"చుట్టిన ట్రే మీద చిటికెడు తడి మచ్చ కనపడితే నేను పైకి పంపను. పెద్ద డాక్టరు వచ్చి అరిచినా పంపను. ఇన్‌ఫెక్షను అని రాసున్నదాన్ని నా చేత్తో తీసుకెళ్ళి మంచివాటి మధ్య పెట్టమంటే ఎలా పెడతానే? మీ అమ్మ గొంతు అందులోనే ఉంది కదా, దానికి పాకుతుందేమోనని..." ఆగాడు. "అదే మీ అమ్మ గొంతని నాకు తెలీదు. నొక్కేసి చేతులు కూడా కడుక్కున్నాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతులు కడుక్కున్నాడట. నాన్న కాక ఇంకెవరు కడుక్కుంటారు.

"మరి పొద్దున అమ్మ అడిగితే తెలీదన్నావేం?"

గట్టు మీది గుడ్డ తీసుకుని మడత పెట్టాడు.

"శనివారం మీ అమ్మ ట్రే నేనే కడతానని మా సూపర్‌వైజర్ని బతిమాలుకున్నాను. ఒప్పుకున్నాడు. ఆ మాట చెప్తే, 'మీ చేతి మీదుగా వచ్చిన కత్తి అయితే నాకు భయం లేదండీ' అంది మీ అమ్మ. ఇన్నేళ్ళలో నా పని గురించి అంత మాట అనడం అదే మొదటిసారి. ఇప్పుడు ఇది చెప్పి ఆ ధైర్యం కూడా తీసెయ్యనా? ఆపరేషను కానియ్యమ్మా. లేచి కూర్చున్నాక నేనే చెప్తాను. ఎన్ని తిట్లు తిడితే అన్ని తిట్లూ పడతాను."

"అప్పుడు తిట్టడానికి అమ్మకి గొంతుండదు నాన్నా."

అనకుండా ఉండాల్సింది. అన్నాక వెనక్కి తీసుకోలేకపోయాను. నాన్న గట్టు పట్టుకుని నెమ్మదిగా కిందికి జారి నేల మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళలో మా నాన్న కడగని నేల మీద కూర్చోవడం నేను చూడలేదు.

"వాడు నా తప్పు నెత్తిన వేసుకున్నాడు చూశావా," అన్నాడు. "వాడికి భోజనం పెట్టావా?"

*

నాలుగింటికి అమ్మ లేచింది. ముఖం కడుక్కుని, జుట్టు ముడేసుకుని, పాఠానికి బయల్దేరినట్టే తాళాలు ఆడించుకుంటూ కారు దగ్గరికి వచ్చింది. అద్దాలకి దుప్పట్లు నేనూ మా ఆయనా కలిసి కట్టాం. ఈసారి రికార్డింగు పెట్టెలోకి పోదు, పాత ల్యాప్‌టాప్‌లోనే పడుతుంది. ఆయన గేటు దగ్గర నిలబడ్డాడు, వీధిలో ఎవరైనా హారను కొడితే చేతులు జోడించి బతిమాలడానికి.

అమ్మ ఎప్పుడూ కూర్చునే సీట్లోనే కూర్చుంది. స్టీరింగు ముందు కాదు, దాని పక్కన, కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు బిగించిన సీట్లో. నేను స్టీరింగు ముందు కూర్చుని ఒళ్ళో జాబితా పరుచుకున్నాను. మొదటి వాక్యం, "కాసిని మంచినీళ్ళు ఇస్తారా?" దాన్ని కోప్పడుతూ ఒకసారి, నవ్వుతూ ఒకసారి చదవాలి. గోరువెచ్చని నీళ్ళు రెండు గుక్కలు తాగి, అమ్మ నాకు తలూపింది. నేను రికార్డింగు నొక్కాను. ఎర్ర చుక్క వెలిగింది.

అమ్మ ఊపిరి తీసుకుంది.

అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. నాన్న ఎక్కి కూర్చుని తలుపు వేశాడు.

నాన్నకి ఈ కారంటే గిట్టదు. ఊళ్ళో ప్రతివాడి చెమటా పట్టిన సీట్లంటాడు. డ్రైవింగు నేర్పుతానని అమ్మ పాతికేళ్ళుగా వెంటపడింది, ఒక్కనాడు ఎక్కలేదు. అలాంటి మనిషి దుప్పట్లు కట్టిన కారు వెనకసీట్లో, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, ముందున్న చిన్నద్దంలో అమ్మ కళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.

"అల్లుడు కాదు," అన్నాడు. "నేను నొక్కాను."

అమ్మ కదల్లేదు.

"సోమవారం. మీరు పరీక్షలకి వెళ్ళినప్పుడు. ఇన్‌ఫెక్షనని రాసుంటే తీసేశాను. ఒకటికి రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ నొక్కాను. పొద్దున నువ్వడిగితే తెలీదని అబద్ధం చెప్పాను. అది అబద్ధం. వాడిది అబద్ధం, నాదీ అబద్ధం." అంతా గబగబా చెప్పేశాడు. చెప్పి, ముందుకు వంగి సీటు వీపు పట్టుకున్నాడు. "ఏదో ఒకటి అనవే. తిట్టు. నోటికొచ్చినట్టు తిట్టు, పడతాను."

అల్లుడు చేశాడంటే ఇట్టే క్షమించేసిన మనిషి. పోలీసు స్టేషను గేటు గుద్దినవాణ్ణి కూడా మర్నాడు మళ్ళీ రమ్మన్న మనిషి. ఆ మాటలేవో ఇప్పుడూ వస్తాయని నేను అమ్మ ముఖంలోకి చూశాను.

రాలేదు. నాకు తెలిసింది నాన్నకి తెలియదు. ఆ పన్నెండు వందల నలభైలో నలభై నేను కూడా వినలేదు. కిందటి శుక్రవారం అమ్మ నన్ను కారు దింపేసి, "ఇవి నీకు కావే, మీ నాన్నకి, తర్వాత వింటారు," అని తలుపులు బిగించుకుని ఒక్కతే అరగంట కూర్చుంది. దిగేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏం చెప్పావమ్మా అంటే, ఇన్నేళ్ళలో ఎదురుగా చెప్పలేనివని నవ్వింది. అవీ ఆ ఎర్ర జాబితాలోనే పోయాయి.

"ఏమే," అన్నాడు నాన్న. "ఒక్క మాట."

బయట మా ఆయన ఎవరినో ఆపి బతిమాలుతున్నట్టు లీలగా వినిపించింది. దుప్పట్ల లోపల ఉక్కపోతకి నా చేతిలో జాబితా తడిసిపోతోంది. రేపు రెండింటికి ఇంకా ఎన్ని గంటలున్నాయో లెక్కపెట్టుకోవాలన్నా నాకు బుర్ర పనిచెయ్యలేదు. మాట్లాడమ్మా, మాట్లాడు, తిట్టినా సరే మాట్లాడు అని లోపల్లోపల మొత్తుకుంటున్నాను.

అమ్మ అద్దంలోంచి చూపు తిప్పుకుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుంది.

"నాకు మాట్లాడాలని లేదు," అంది.

అంతే. పెదవులు బిగించేసింది. నాన్న పిలిచాడు, పలకలేదు. నేను పిలిచాను, పలకలేదు. మంచినీళ్ళ సీసా అందిస్తే తీసుకుని కాళ్ళ దగ్గర పెట్టుకుంది. దీపాలు పెట్టే వేళ దాకా ముగ్గురం ఆ కారులోనే కూర్చున్నాం. నూట యాభైలో ఒక్కటీ చదవలేదు. లోపలికి వెళ్ళాక కూడా భోజనం వద్దని తలాడించి, గోడ వైపు తిరిగి పడుకుంది.

ల్యాప్‌టాప్ తెరిచి చూశాను. నాన్న మాటలు కత్తిరించేస్తే, అమ్మ గొంతుతో మిగిలింది ఆ ఒక్క వాక్యమే. రెండు సెకన్లు కూడా లేదు. దాన్ని ల్యాప్‌టాప్‌లో ఒకటి, మా ఆయన ఫోనులో ఒకటి, నా ఫోనులో ఒకటి, మూడుచోట్ల దాచాను.